పాము కాటుకు 1,80,000: సర్కారు దవాఖాన కావాలా, ప్రైవేటే మేలా?

వాగవతల | మంగళవారం రాత్రి 9:40

మాది నల్గొండ జిల్లా దేవరకొండ దిక్కు. పోయిన నెల మా చిన్నాయన వేరుశనగ చేను కాడ గుడిసెలో కింద చాప వేసుకుని పడుకున్నాడు. అడవి పందులు తవ్వి పోస్తున్నాయని కాపలా. రాత్రి రెండింటికి ఏదో చురుక్కుమంటే చీమ అనుకుని మళ్లీ పడుకున్నాడు. నాలుగింటికి కడుపునొప్పి మొదలైంది. తెల్లారేసరికి కనురెప్పలు లేవడం లేదు, మాట ముద్దగా వస్తోంది. చాప మడిచి చూస్తే కింద కట్లపాము.

ముందు మా ఊరి ఆర్‌ఎంపీని పిలిచాం. చూడగానే "ఇది నా చేతిలోని పని కాదు, బండి చూడండి" అన్నాడు. ఆయన చేసిన మేలు అదే. 108 వేరే కేసు మీద పోయింది, 40 నిమిషాలు పడుతుందన్నారు. ఆటో కట్టించుకుని మా పీహెచ్‌సీకి పోతే తాళం. అక్కడి నుంచి పెద్ద సర్కారు దవాఖానకు పోయాం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ పది సీసాల విరుగుడు మందు ఎక్కించింది. ఒక్క రూపాయి అడగలేదు. కానీ ఊపిరి తగ్గుతోంది, ఇక్కడ వెంటిలేటర్ పడక ఖాళీ లేదు, హైదరాబాద్ తీసుకుపొమ్మంది. అంత దూరం ఆగేటట్టు లేడని దారిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో దింపాం. ముందు 50 వేలు కడితేనే లోపలికి అన్నారు. ఆరోగ్యశ్రీ కార్డు చూపిస్తే మా దగ్గర నడవదన్నారు. మా అత్త పుస్తెలతాడు కుదువకు పోయింది. ఐదు రోజులు వెంటిలేటర్, మొత్తం ఎనిమిది రోజులు, బిల్లు 1,80,000. మనిషి దక్కాడు.

ఇప్పుడు ఇంట్లో రోజూ ఇదే గొడవ. మా తమ్ముడేమో "బతికించింది ప్రైవేటోళ్లే, సర్కారు దవాఖానలు మూసేసి ఆ పైసలేవో జనం చేతికిస్తే నచ్చిన కాడికి పోతారు" అంటాడు. నేను ఒప్పుకోలేదు. కానీ గట్టిగా జవాబూ చెప్పలేకపోయాను. మీరేమంటారు?

వనపర్తి వర్తకం | మంగళవారం రాత్రి 10:15

మీ తమ్ముడు చెప్పిందాంట్లో సగం నిజం ఉందన్నా. పీహెచ్‌సీకి తాళం వేసి ఉంటే డాక్టర్ జీతం ఆగిందా? ఆగలేదు. అదే ప్రైవేటు ఆస్పత్రి తెల్లారి ఐదింటికి తలుపు మూసుకుంటే నెల తిరక్కముందే మూతపడుతుంది. మీరు రాసిన కథలో రాత్రంతా దీపం వెలుగుతూ, వెంటిలేటర్ సిద్ధంగా ఉన్నది ఎక్కడో మీరే చూడండి.

మా చిన్నప్పుడు స్కానింగ్ అంటే హైదరాబాద్ బస్సు ఎక్కాలి. ఇప్పుడు మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో ఇది కాకపోతే పక్కది. ఎవరు తెచ్చారు? అప్పుచేసి మిషన్ కొన్న డాక్టర్లు తెచ్చారు. పక్కపక్కనే నాలుగు ఉంటే రేటు దానంతటదే దిగుతుంది. ఆర్‌ఎంపీని అందరూ తిడతారు కానీ అసలైన మార్కెట్ ఆయనే. అర్ధరాత్రి ఇంటికొస్తాడు, పంట అమ్మాక పైసలు తీసుకుంటాడు. ఏ సర్కారు డాక్టర్ అట్లా ఉద్దెర పెడతాడు?

తెల్లకోటు | మంగళవారం రాత్రి 11:30

నాగర్‌కర్నూల్ జిల్లాలో పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌గా పనిచేశాను, ఇప్పుడు పీజీ చేస్తున్నాను. ముందు ఒక మాట. "బతికించింది ఎవరు" అంటే ఇద్దరూ.

కట్లపాము విషం నరాల చివర పనిచేస్తుంది. రెప్పలు వాలడం, మింగలేకపోవడం, ఆ తర్వాత ఊపిరి. కాటు గుర్తు కూడా కనపడకపోవచ్చు, నొప్పి ఉండదు. అందుకే మీ చిన్నాయన చీమనుకున్నాడు. విరుగుడు మందు ఒంట్లో తిరుగుతున్న విషాన్ని పడుతుంది, అప్పటికే నరానికి పట్టిందాన్ని విడిపించలేదు. ఆ నరం తేరుకునేదాకా కొన్ని రోజులు మిషన్‌తో ఊపిరి ఆడించాలి. ఆ పది సీసాలు పడకపోతే పరిస్థితి ఇంకా దిగజారేది. వెంటిలేటర్ లేకపోతే ఆ పొద్దు దాటేవాడు కాదు.

వర్తకం అన్నా, స్కానింగ్ రేటు తగ్గింది నిజమే. స్కానింగ్‌కు పోయేవాడు నాలుగు చోట్ల ఫోన్ చేసి అడగగలడు. రెప్పలు వాలిపోయినవాడు బేరం ఎట్లా ఆడతాడు? ఆటోలో మనిషి నీలంగా మారుతుంటే ఇంటివాళ్లు రెండో ఆస్పత్రి రేటు కనుక్కోరు. అమ్మేవాడికి అంతా తెలిసి, కొనేవాడికి ఏమీ తెలియకుండా, కొనకపోతే చచ్చిపోయేటట్టు ఉంటే దాన్ని సంత అనలేం.

2000 నుంచి 2019 వరకు దేశంలో పాము కాటుతో ఏటా సగటున 58 వేల మంది పోయారని 2020లో వచ్చిన అధ్యయనం లెక్క కట్టింది. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో తెలంగాణతో కూడిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. పోయేది ఎక్కువగా రైతు, కూలీ. ఈ రోగానికి డబ్బున్న గిరాకీ లేదు. విరుగుడు మందు సీసాలు తెచ్చి ఊరి దవాఖానలో పెట్టుకుంటే లాభం ఎవరికి? ఆర్నెల్లకు ఒక కేసు వస్తుంది, ఈలోపు గడువు తీరిపోతుంది. అందుకే చిన్న ప్రైవేటు క్లినిక్కుల్లో ఆ మందు ఉంచరు.

తాళం సంగతి మాత్రం నేను సమర్థించను. నేనున్న చోట నాది ఒక్కటే పోస్టు. పగలు ఓపీ, మధ్యాహ్నం మీటింగులు, రిపోర్టులు. రాత్రి ఎవరుండాలి అన్నదానికి కాగితం మీద కూడా జవాబు లేదు.

లెక్కలపుస్తకం | బుధవారం ఉదయం 7:50

నేను మిర్యాలగూడలో కొన్నేళ్లు, తర్వాత హైదరాబాద్‌లో ప్రైవేటు ఆస్పత్రుల బిల్లింగ్‌లో చేశాను. పేర్లు అడగకండి. వాగవతల తమ్మీ, ఆ బిల్లు తీసి చూడు. వెంటిలేటర్ అద్దె రోజుకింత అని ఒక లైన్ ఉంటుంది, ఐసీయూ బెడ్ అని వేరే లైన్, మళ్లీ మానిటర్ అని ఇంకో లైన్. మానిటర్ లేని ఐసీయూ బెడ్ ఎక్కడుంటుంది? గ్లౌజులు, సిరంజీలు, ట్యూబులు "కన్జ్యూమబుల్స్" కింద పోతాయి. అవన్నీ ఎంఆర్‌పీ మీద వేస్తారు, కొన్న ధర దానికి చాలా కింద ఉంటుంది.

మీరు రాయనిది ఇంకొకటి. మిమ్మల్ని ఆ ఆస్పత్రికే తీసుకుపొమ్మని ఎవరు చెప్పారు? ఆటో డ్రైవరా? ఒక్కసారి ఆలోచించండి. మా దగ్గర పేషెంట్‌ను తెచ్చినవాళ్ల పేర్లకు వేరే నోటు పుస్తకం ఉండేది. ఆర్‌ఎంపీలకు, అంబులెన్సు వాళ్లకు నెలాఖరున కవర్లు. వర్తకం గారు చెప్పిన ఉద్దెర ఉట్టిగా రాదు, ఆ ఉద్దెర పైసలు మా పుస్తకంలోంచే వెళ్లేవి.

ఐతే యాజమాన్యాలను కూడా పూర్తిగా తప్పుపట్టలేను. కోట్ల అప్పు మీద ఆస్పత్రి కడతారు, బ్యాంకు వాయిదా ఒకటో తారీఖున నిలబడుతుంది. ఆరోగ్యశ్రీ బిల్లు పెడితే పైసలు నెలల తరబడి రావు. 2025లో బకాయిల కోసం నెట్‌వర్క్ ఆస్పత్రులు రెండుసార్లు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి కదా. "కార్డు నడవదు" అనేవాళ్లలో కొందరు ఆ పైసల కోసం తిరిగి తిరిగి విసిగినవాళ్లే.

వాగవతల | బుధవారం ఉదయం 8:20

ఆటో డ్రైవరే చెప్పాడన్నా. "అక్కడ బాగా చూస్తారు, నాకు తెలిసినోళ్లు" అన్నాడు. మా దూరపు చుట్టమే. ఇప్పుడు అడగాలా వద్దా అని ఆలోచిస్తున్నా.

బడిగంట | బుధవారం మధ్యాహ్నం 1:05

రిటైరైన టీచర్‌ని, నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఎక్కువ కాలం పనిచేశాను. మీరంతా రోగం వచ్చాక ఎవరు బిల్లు కట్టాలి అన్న దగ్గరే ఆగారు. మా దగ్గరి రోగం వేరు, నీళ్లలోని ఫ్లోరైడ్‌తో వచ్చేది.

నా క్లాసులో పిల్లలు నవ్వడానికి సిగ్గుపడేవాళ్లు, పళ్ల మీద గోధుమరంగు చారలు. ముప్పై ఏళ్లు నిండని మనిషి కర్ర పట్టుకుని వచ్చేవాడు. తలెత్తి నల్లబల్ల చూడలేని పిల్లవాడు ఒకడుండేవాడు. వాడి కోసం బల్లను కింద ఆనించి పెట్టేవాడిని. ఫ్లోరైడ్ ఎముకకు పట్టాక దాన్ని తీసే మందు లేదు. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ మా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఈ రోగానికి దవాఖాన ఎంత పెద్దదైనా ఏం చేస్తుంది? దీనికి వైద్యం నీళ్లే. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టారు, ప్రపంచంలో దానికి "నల్గొండ టెక్నిక్" అనే పేరు. ఊరి పేరు అట్లా ఎక్కింది! కానీ ఆ బకెట్ల పద్ధతి ఇంట్లో రోజూ ఎవరు చేస్తారు? నడవలేదు.

మార్కెట్ కూడా వచ్చింది, రాలేదనను. వీధివీధికీ వాటర్ ప్లాంట్, 20 లీటర్ల క్యాన్. కొనగలిగినవాళ్ల ఇంట్లో పిల్లల పళ్లు తెల్లబడ్డాయి. కూలీల ఇళ్లలో బోరు నీళ్లే. మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు పైపులో వచ్చాక గానీ ఇద్దరి ఇళ్లలో ఒకే నీళ్లు కాలేదు. ఆ పైపుకు ఏ నర్సింగ్ హోమ్ పెట్టుబడి పెడుతుంది చెప్పండి. దాంతో వాళ్ల గిరాకీయే పోతుంది.

వనపర్తి వర్తకం | బుధవారం మధ్యాహ్నం 2:30

మాస్టారూ, మీ మాట మీద గౌరవంతోనే అడుగుతున్నా. అంత లోతు బోర్లు వేసి చేతిపంపులు బిగించి ఆ నీళ్లు తాగించింది ఎవరు? సర్కారే కదా. రోగం తెలిసినప్పటి నుంచి పైపు వచ్చేదాకా ఎన్ని తరాలు పోయాయి? ప్రైవేటు కంపెనీ ఒక్క ఏడాది అట్లా చేస్తే కేసులు పెడతాం, షాపు పగలగొడతాం. సర్కారు చేస్తే మళ్లీ వాళ్లకే ఓట్లు.

బడిగంట | బుధవారం మధ్యాహ్నం 3:10

కాదనను బాబూ. మా ఊరి చేతిపంపు మీద ప్రారంభించినవాళ్ల పేర్లు కూడా చెక్కి ఉన్నాయి. కానీ ఓటు అడగడానికి వచ్చినప్పుడు నిలదీయడానికి మాకు ఒక గుమ్మం ఉండేది. ఢిల్లీ దాకా తీసుకుపోయి చూపించాం ఆ వంకర కాళ్లను. క్యాన్ నీళ్ల వాడిని ఎక్కడ నిలదీస్తాం?

కల్వకుర్తి టు లెస్టర్ | బుధవారం సాయంత్రం 6:45

ఇక్కడి సర్కారు వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో వార్డు నర్సుని. ఇంగ్లండ్‌లో అన్నీ ఫ్రీ, స్వర్గం అని మనవాళ్లు రాస్తుంటారు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తా. 1948 జూలై 5న మొదలైంది. పన్నుల పైసలతో నడుస్తుంది. రాత్రి పూట గుండెనొప్పితో వచ్చినవాడిని "ముందు 50 వేలు" అని ఎవరూ అడగరు. నేను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పేషెంట్ చేతిలో పర్సు చూడలేదు. వాగవతల తమ్మీ, నీ పోస్టు చదివి అదే గుర్తొచ్చింది.

కానీ మోకాలు మార్చాలంటే? క్యూ. 2023లో ఇంగ్లండ్ వెయిటింగ్ లిస్టు 77 లక్షలు దాటింది. మా వార్డులోకి రావాల్సినవాళ్లు ఎమర్జెన్సీలో ట్రాలీల మీద గంటలు గంటలు ఉంటారు. మందుల చీటీకి ఇంగ్లండ్‌లో ఒక్కో మందుకు 9 పౌండ్ల 90 పెన్నీలు కట్టాలి, స్కాట్లండ్, వేల్స్‌లో అదీ లేదు. ఇక్కడ సర్కారుది నడుస్తున్నా డబ్బున్నవాళ్లు క్యూ తప్పించుకోవడానికి ప్రైవేటుకు పోతారు.

ఒక పెద్ద తేడా ఉంది. ఇక్కడ జ్వరమొచ్చినా ముందు మీ పేటలో మామూలు జబ్బులు చూసే డాక్టర్ (జీపీ) దగ్గరికే పోవాలి. ఆయన పంపితేనే స్పెషలిస్ట్. మన దగ్గర తలనొప్పికి నేరుగా న్యూరో డాక్టర్ దగ్గర కూర్చుంటాం.

తెల్లకోటు | బుధవారం రాత్రి 9:20

అక్కా, సరిగ్గా ఆ ముక్క దగ్గరే మన కథ తప్పింది. ఆరోగ్యశ్రీ మొదట పెట్టింది మన జిల్లాలోనే. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. కరువు జిల్లాలు, పైసలు లేక గుండె ఆపరేషన్లు ఆగిపోయినవాళ్లు. ఎంతమంది బతికారో నేను కళ్లారా చూశాను, దాన్ని చిన్నచూపు చూడను. అప్పుడు కుటుంబానికి 2 లక్షలు, 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు.

కానీ అది ఆపరేషన్ బల్ల మీదికి ఎక్కాక నడిచే కార్డు. బీపీ గోలీకి, షుగర్ పరీక్షకు, మీ పీహెచ్‌సీ రాత్రి డ్యూటీకి అది పనికిరాదు. బీపీ గోలీ రోజుకు ఒకటి వేసుకుని ఉంటే రాని పక్షవాతం వచ్చాక, కిడ్నీ పోయాక, డయాలసిస్‌కు మాత్రం కార్డు నడుస్తుంది. పైసలు సర్కారువి, ఆస్పత్రి ఎక్కువసార్లు ప్రైవేటుది. కాబట్టి వాగవతల వాళ్ల తమ్ముడు కోరిన పద్ధతి సగం ఇప్పటికే మనూళ్లో ఉంది అన్నమాట. ఇంత అని రేటు కట్టిన ప్యాకేజీ ఉన్న ఆపరేషన్ వైపు ఆస్పత్రులు పరిగెత్తాయి. ఉమ్మడి రాష్ట్రంలో గర్భసంచి ఆపరేషన్ల గొడవ గుర్తుందా? అవసరం లేని ఆడవాళ్లకూ తీసేశారని గోల అయింది. ఆపరేషన్‌కు పైసలిస్తే ఆపరేషన్లే వస్తాయి.

ఆశా బిడ్డ | బుధవారం రాత్రి 10:05

మా అమ్మ ఆశా వర్కర్, నారాయణపేట దగ్గర పల్లె. కాన్పుల సంగతి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తా. 2019-20 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో వందలో 60.7 కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటులో 81.5. సర్కారు దవాఖానల్లో 44.5. ప్రైవేటును తిట్టే ముందు ఆ 44.5 కూడా చూడండి, అక్కడ ప్యాకేజీ పైసలు లేవు కదా మరి. నొప్పులు భరించలేనని అడిగేవాళ్లు, పంతులు పెట్టిన ముహూర్తం కాగితం పట్టుకొచ్చే అత్తలు, రాత్రంతా కూర్చునే ఓపిక లేని డాక్టర్లు, అన్నీ ఉన్నాయి.

2017లో సర్కారు దవాఖానలో కాన్పైతే పైసలిచ్చే కేసీఆర్ కిట్ వచ్చాక సర్కారు కాన్పులు పెరిగాయి. మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేలు. అమ్మ ఒకే నెలలో తొమ్మిది మందిని తీసుకుపోయింది. తర్వాత ఆ పైసలు ఎప్పుడొస్తాయని వాళ్లంతా మా ఇంటి ముందే నిలబడేవాళ్లు. జవాబు చెప్పాల్సింది కలెక్టరా, మంత్రా, మా అమ్మ!

మా నాన్న ముంబైలో మేస్త్రీ పని చేసినప్పుడు కాలు విరిగింది. అక్కడ మా కార్డు నడవలేదు. పాలమూరు సగం వలసలోనే ఉంటుంది, కార్డు మాత్రం ఊళ్లో ఉంటుంది. ఏ పథకం రాసినా ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

కోర్టు మెట్లు | గురువారం ఉదయం 10:00

"పడక ఖాళీ లేదు" అన్నది చూసి రాస్తున్నా. 1992లో బెంగాల్‌లో ఒక వ్యవసాయ కూలీ రైల్లోంచి పడి తలకు దెబ్బ తగిలితే, సర్కారు ఆస్పత్రులు ఒకదాని తర్వాత ఒకటి ఖాళీ లేదని తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో చూపించుకున్నాడు. 1996లో సుప్రీంకోర్టు అది రాజ్యాంగంలో బతికే హక్కునిచ్చే 21వ అధికరణాన్ని ఉల్లంఘించడమే అంది, పైసలు లేవనే సాకు చెల్లదంది, అతనికి 25 వేల పరిహారం ఇప్పించింది. కేసు వేసింది కూడా వ్యవసాయ కూలీల సంఘమే. మనవాళ్లు ఎవరూ ఆ కాగితం పట్టుకుని అడగరు, అదే బాధ. ప్రైవేటు ఆస్పత్రి దగ్గర ధరల బోర్డు ఉందో లేదో కూడా చూడండి. పెట్టాలని రూల్ ఉంది.

వనపర్తి వర్తకం | గురువారం మధ్యాహ్నం 12:40

తెల్లకోటు తమ్మీ చెప్పిన పాము కాటు సంగతి ఒప్పుకుంటున్నా. నాకు తట్టలేదు. గిరాకీ లేని మందును షాపులో ఎవరూ పెట్టరు, నేనూ పెట్టను, నాది ఎరువుల షాపు, నాకు తెలుసు. కానీ ఒకటి చెప్పండి. మహబూబ్‌నగర్‌లో 2016లో మెడికల్ కాలేజీ, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో, గద్వాల, నారాయణపేటల్లో 2024లో. ఇన్ని పెట్టినా పీహెచ్‌సీలో రాత్రి మనిషి లేడు. ఇంకా ఎంత పన్ను కడితే వస్తాడు?

తెల్లకోటు | గురువారం మధ్యాహ్నం 1:55

మంచి ప్రశ్న, జవాబు చిన్నది. కాలేజీ కడితే శిలాఫలకం ఉంటుంది. రాత్రి డ్యూటీకి స్టాఫ్ నర్సును పెడితే ఫలకం ఉండదు. 2017 జాతీయ ఆరోగ్య విధానంలో 2025 నాటికి సర్కారు ఖర్చు జీడీపీలో 2.5 శాతం కావాలని రాసుకున్నారు, అక్కడికి చేరలేదు. చేరినా ఆ పైసలు పెద్ద బిల్డింగుల్లోకే పోతే మీ ఊరి తాళం అట్లాగే ఉంటుంది.

వాగవతల, ఒక పని చేస్తావా? మీ పీహెచ్‌సీకి పోయి విరుగుడు మందు ఎన్ని సీసాలున్నాయి, పొడి రకమా ద్రవం రకమా అని కనుక్కో. ద్రవమైతే ఫ్రిజ్ కావాలి, కరెంటు పోతే టెన్షన్. పొడి అయితే చల్లని చోట ఉంచితే చాలు. మొదటి డోసు అక్కడే పడి ఉంటే మీకు గంటన్నర కలిసొచ్చేది.

వాగవతల | శనివారం రాత్రి 8:30

పోయి వచ్చాను. డాక్టర్ సారు మర్యాదగానే మాట్లాడాడు, చాయ్ తాగించాడు. పొడి రకమే. ఆరు సీసాలున్నాయి, డబ్బా మీద వచ్చే ఫిబ్రవరి దాకా గడువు. మొదటి డోసుకే ఎనిమిది నుంచి పది కావాలి కదా అంటే, ఇండెంట్ పెట్టామన్నాడు. ఆ బీరువా తాళంచెవి ఫార్మసిస్ట్ దగ్గర ఒకటే ఉంది. ఆయన రోజూ నల్గొండ నుంచి వచ్చిపోతాడు. రెండో తాళంచెవి రాత్రి వాచ్‌మన్ దగ్గర పెట్టొచ్చా అంటే, వాచ్‌మన్ పోస్టు లేదు.

బిల్లు కూడా తీసి చూశా లెక్కలపుస్తకం అన్నా. మానిటర్‌కు వేరే లైన్ ఉంది. విరుగుడు మందు కింద పది సీసాలు రాశారు. అక్కడ ఒక్కటి కూడా ఎక్కించలేదు, ఎక్కించిందంతా సర్కారు దవాఖానలోనే.

లెక్కలపుస్తకం | శనివారం రాత్రి 8:50

ఆ కాగితం జాగ్రత్తగా పెట్టు. సర్కారు దవాఖాన రిఫర్ చీటీ మీద "ఏఎస్‌వీ 10" అని, అంటే విరుగుడు మందు పది సీసాలని, టైముతో సహా రాసి ఉంటుంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి జిరాక్స్ తీసి, జిల్లా వైద్యాధికారి ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకో. నంబర్ లేకుండా రాకు.

ఆశా బిడ్డ | శనివారం రాత్రి 9:15

మీ చిన్నాయన ఎట్లా ఉన్నాడన్నా?

వాగవతల | శనివారం రాత్రి 9:40

బాగున్నాడు. మళ్లీ కాపలాకు పోతున్నాడు, పందులు ఆగడం లేదు కదా. ఈసారి నులక మంచం మోసుకుపోయాడు. దోమతెర కొనిచ్చాం, కట్టుకోడు. దాంట్లో పడుకుంటే ఊపిరాడదట.